పండు అనే చైనా అక్షరం

(పెన్షనర్ల దినోత్సవం నాడు సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శి గారు ఫోను చేసి, "డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడేవాళ్ళు ఎటూ ఉన్నారు. మీరు ఇంకేదైనా మాట్లాడండి" అన్నారు. "అయితే ఒక చైనా అక్షరం గురించి మాట్లాడతాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. ఆ తరువాత, "మీ ఇష్టం, కానీ భోజనాల వేళకు ముగించండి" అన్నారు. తప్పకుండా ముగిస్తాను. పులిహోర వాసన నాకూ వస్తోంది.

నేను ఆర్.ఎమ్.ఎస్.లో 34 ఏళ్ళు చేశాను. మీలో సగం మందికి ఆ సంగతి తెలుసు. రైలు కదులుతూ ఉంటే పసుపుపచ్చ దీపం కింద నిలబడి ఉత్తరాలు సార్టింగు చేసిన వాళ్ళం మేము. పామూ తేలూ పాకినట్టున్న దస్తూరీని కూడా చదివి సరైన గడిలో వేసేవాళ్ళం. "ఈ చేతిరాత దేవుడికి కూడా అర్థం కాదు" అని పక్కవాడు వదిలేసిన కార్డును మా బ్యాచిలో నాకే ఇచ్చేవారు. ఈ గొప్ప ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి వాడికి 2022లో కుడి చేతికి పక్షవాతం వచ్చింది. పెద్దది కాదు. మాట పోలేదు, నడక పోలేదు. రాత పోయింది.

ఆ తరువాత నెలలో చెక్కు రాసి పంపిస్తే సంతకం కలవలేదని వెనక్కు వచ్చింది. బ్యాంకుకు వెళ్ళాను. కౌంటరులో కుర్రవాడు మంచివాడే. నా చేత నాలుగు సార్లు సంతకం చేయించి చూశాడు. నాలుగూ నాలుగు రకాలుగా వచ్చాయి. వెనకాల క్యూ పెరుగుతోంది. "తాతగారూ, ఎందుకండీ ఈ కష్టం, వేలిముద్ర వేసేయండి" అని సిరా ప్యాడ్ ముందుకు జరిపాడు. వేశాను. దాంట్లో అవమానం ఏముంది అంటారు మీరు. చదువురాని మా నాన్నగారు మనియార్డరు ఫారాల మీద వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలును పంచె అంచుకు తుడుచుకుంటూ, "నువ్వు మాత్రం సంతకం పెట్టాలిరా" అనేవారు. ఆ రోజు ఇంటికి వచ్చి సబ్బు పెట్టి వేలు కడుక్కుంటూ ఆయన్నే తలుచుకున్నాను. మా ఆవిడ అడిగితే "ఏం లేదు, పెన్ను కారింది" అన్నాను.

మరుసటి ఏడు మా అమ్మాయి మమ్మల్నిద్దరినీ సింగపూరు తీసుకువెళ్ళింది. అల్లుడు అక్కడ ఉద్యోగం. మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు, బళ్ళో చైనా భాష తీసుకుంది. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

చైనా రాత నేర్చుకునే పిల్లలకు ఒక కాపీ పుస్తకం ఉంటుంది. పేజీ నిండా చదరపు గళ్ళు. ఒక్కొక్క గడి మధ్యలో నిలువుగా ఒక సన్నగీత, అడ్డంగా ఒక సన్నగీత. నాలుగు పలకల కిటికీలా ఉంటుంది. ఒక గడిలో ఒకే అక్షరం పట్టాలి, బయటకు పోకూడదు, ఒక మూలకు ఒదగకూడదు. ఆ పిల్ల సాయంత్రం పూట నాలుక కొస బయటపెట్టి అలా రాస్తూ ఉంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఒక రోజు అది పెన్సిలు నా చేతిలో పెట్టి, "నువ్వు కూడా రాయి తాతయ్యా, ఇది ఈజీ" అంది. ఆ ఈజీ అక్షరమే "పండు".

మన సంచికను కంపోజ్ చేసే అబ్బాయి దగ్గర చైనా అక్షరాలు లేవు. కాబట్టి కాగితం, పెన్సిలు తీసుకోండి, మాటలతోనే గీయిస్తాను. ముందు ఒక చిన్న పెట్టె. ఎడమ గోడ పైనుంచి కిందికి, అది ఒకటి. పైకప్పూ కుడిగోడా కలిపి చెయ్యి ఎత్తకుండా, అది రెండు. పెట్టె నడుమ అడ్డంగా ఒకటి, మూడు. పెట్టె అడుగు మూసేస్తూ ఒకటి, నాలుగు. పెట్టె కింద దానికన్నా బాగా పొడుగ్గా ఒక అడ్డగీత, ఐదు. ఇప్పుడు పైకప్పు నడిమి నుంచి మొదలుపెట్టి, పెట్టెను చీల్చుకుంటూ, పొడుగు అడ్డగీతను కూడా దాటి కిందిదాకా ఒకే ఒక నిలువుగీత, ఆరు. నిలువూ పొడుగు అడ్డమూ కలిసిన చోటి నుంచి ఎడమ కిందికి ఒక వాలుగీత, కుడి కిందికి ఒక వాలుగీత. ఎనిమిది. అయిపోయింది. దీన్ని "గ్వో" అని పలకాలి, గొంతును కాస్త కిందికి దించి మళ్ళీ లేపుతూ. నేను ఎంత పలికినా మా మనవరాలికి నచ్చలేదు.

కింది భాగం చెట్టు. చైనా రాతలో చెట్టుకు విడిగా ఉన్న అక్షరమే అది. అడ్డగీత కొమ్మలు, నిలువుగీత మాను, రెండు వాలుగీతలు వేళ్ళు. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. పైన ఉన్న పెట్టె చూశారా, నాలుగు గదుల పెట్టె? చైనా భాషలో అచ్చంగా అలాంటి అక్షరం ఇంకొకటి ఉంది. దానికి "పొలం" అని అర్థం, గట్లు వేసిన పొలం బొమ్మ. అందుకని చూడగానే, పొలం, దాని కింద చెట్టు, వెరసి తోట, తోటలో పండు అని అర్థం చెప్పుకోబుద్ధి అవుతుంది. నేనూ అలాగే చెప్పాను, మా మనవరాలు మెచ్చుకుంది కూడా. కానీ అది తప్పు.

ఎలా తప్పో తెలియడానికి కాస్త వెనక్కు వెళ్ళాలి. చైనాలో అన్యాంగ్ అనే ఊరి దగ్గర సుమారు 3200 ఏళ్ళ నాటి ఎద్దు ఎముకలూ, తాబేటి డిప్పలూ దొరికాయి. వాటి మీద రాతలున్నాయి. వాన పడుతుందా, పంట వస్తుందా, రాణికి కాన్పు సుఖంగా అవుతుందా అని రాజు దేవతలను అడిగిన ప్రశ్నలు అవి. ఊరివాళ్ళు వాటిని తవ్వి తీసి "డ్రాగన్ ఎముకలు" అని మందుల దుకాణాలకు అమ్మేవారు, అక్కడ నూరి కషాయాల్లో వేసేవారు. 1899లో బీజింగ్‌లోని వాంగ్ యిరోంగ్ అనే అధికారి వాటి మీద ఉన్నవి అక్షరాలని గుర్తించాడు. అప్పటికే ఎంత చరిత్రను జ్వరాలకు తాగేశారో మరి. ఆ ఎముకల మీద మన అక్షరం ఉంది. అందులో పొలమూ లేదు, పెట్టే లేదు. ఒక చెట్టు, కొమ్మల చివర గుండ్రటి పండ్లు, అంతే. చిన్నపిల్ల ఎలా వేస్తుందో అలా. తరువాత కంచు పాత్రల మీద చెక్కిన కాలానికి ఆ పండ్లన్నీ పోయి చెట్టు నెత్తిన ఒకటే పెద్ద పండు మిగిలింది, దాని కడుపులో చుక్కలు పెట్టారు, అవి గింజలు. కుంచెతో గుండ్రం గీయడం కష్టం కనుక పోనుపోను గుండ్రం చదరమైంది, చుక్కలు గీతలయ్యాయి. అలా పండు చూపుకు పొలంలా మారింది. అందుకే రాసేటప్పుడు పెట్టె విడిగా, చెట్టు విడిగా రాయరు. ఇందాక మీరు గీసిన ఆరో గీత పండు తొడిమ దగ్గర మొదలై మానంతా దిగి వేళ్ళదాకా వస్తుంది, చెయ్యి ఎత్తకూడదు. ఎత్తితే టీచరు ఎర్ర పెన్సిలుతో సున్నా చుడుతుంది. నాకు రెండుసార్లు చుట్టించింది మా మనవరాలు.

ఈ అక్షరానికి తొలి నిఘంటువు అర్థం రాసినవాడి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆయన మన బాపతు. పేరు షు షెన్. ప్రభుత్వంలో ఉద్యోగం చేసినవాడు. 9353 అక్షరాలకు ఏది ఎలా పుట్టిందో వివరిస్తూ క్రీ.శ. 100 నాటికి ఒక పుస్తకం పూర్తి చేశాడు. కానీ దాన్ని చక్రవర్తికి సమర్పించింది 121లో, అంటే 21 ఏళ్ళ తరువాత. అప్పటికి షు షెన్ జబ్బుపడి ఇంట్లో ఉన్నాడు. కొడుకు పుస్తకాన్ని మోసుకుని దర్బారుకు వెళ్ళాడు. ఫైలు కదలడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టిందో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన కాలానికి ఎముకల రాతలు భూమిలోనే ఉన్నాయి, ఆయన వాటిని చూడలేదు. చూడకుండానే ఈ అక్షరం విషయంలో సరిగ్గా చెప్పాడు, ఇది చెట్టు మీద ఉన్న పండు బొమ్మ అని. పొలం మాట ఎత్తలేదు.

చైనా అక్షరాలన్నీ ఇలా బొమ్మలే అనుకోకండి. బొమ్మలు కొన్నే. ఎక్కువ అక్షరాల్లో ఒక ముక్క అర్థం చెబుతుంది, ఇంకో ముక్క ఉచ్చారణ చెబుతుంది. మన పండును అలా చాలా చోట్ల శబ్దం కోసమే వాడుకున్నారు. పక్కన "మాట" గుర్తు పెడితే "పాఠం" అవుతుంది. బట్ట గుర్తు పెడితే "దిగంబరం" అవుతుంది. ఆ బట్ట గుర్తునే రెండుగా చీల్చి పైన కొంత, కింద కొంత పెట్టి నడుమ పండును ఇరికిస్తే "చుట్టబెట్టడం" అవుతుంది. పండును గుడ్డలో మూటకట్టినట్టే ఉంటుంది చూడటానికి. వాళ్ళు కూడా శబ్దం కోసమే పెట్టినా, మూట అందంగా కుదిరింది. ఇంకో అక్షరం ఉంది, మన పండు నెత్తిన మూడు చిన్న వంకర గీతలు. పండు మీద వెంట్రుకలేమో అనుకున్నాను. కాదు, అది పక్షి గూడు. కింద ఉన్నది పండులా కనబడుతోంది కానీ, మొదట్లో అది చెట్టు మీద గూడు బొమ్మ. రెండు వేరువేరు బొమ్మలు అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. సార్టింగులో కూడా ఇంతే, రెండు ఊళ్ళ పేర్లు ఒకేలా కనబడతాయి, పిన్ను చూడకపోతే ఉత్తరం తప్పిపోతుంది.

ఇక అర్థం సంగతి. మన భాషలో ఫలం అంటే పండు. ఫలం అంటే ఫలితం కూడా. పరీక్షా ఫలితాలు, కర్మఫలం అంటాం. సంస్కృతం ఎందుకు, అచ్చ తెలుగులోనే నోము పండింది, కడుపు పండింది, పంట పండింది అంటాం. చైనావాళ్ళదీ అదే దారి. "కాయ కాయడం" అనే మాటే వాళ్ళకు "ఫలితం". "వెనక వచ్చే పండు" అంటే పర్యవసానం, అది మంచిది కాదన్నమాట. బౌద్ధం రాకముందే, కన్ఫ్యూషియస్ నాటికే, మొదలుపెట్టిన పనిని చివరంటా నెగ్గించడానికి ఈ పండు అక్షరాన్ని వాడారు. అనుకున్నట్టే జరిగితే "పండులా అయింది" అంటారు. మా మనవరాలు ఒక రోజు వచ్చి, "తాతయ్యా, 'ఇఫ్' అనే మాటలో పండెందుకుంది?" అంది. నిజమే, చైనా భాషలో "ఒకవేళ" అనే మాట రెండు అక్షరాలు, అందులో రెండోది పండే. పాతకాలంలో ఈ అక్షరానికి "నిజంగా" అనే అర్థం కూడా ఉంది. నిజంగా అలా అయితే, అదే "ఒకవేళ". ఇంకా కాయని పండు అన్నమాట.

మన దేశం నుంచి బౌద్ధ గ్రంథాలు చైనాకు వెళ్ళినప్పుడు అనువాదకులకు ఫలం అనే మాట ఎదురైంది. చేతికందే దూరంలో ఈ అక్షరం ఉంది. తెచ్చి పెట్టారు. ఎక్కడో అతుకు కనబడాలి కదా, కనబడదు. ఈ అనువాదకుల్లో ముఖ్యుడు కుమారజీవుడు. తండ్రి భారతీయుడు, తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజకుమార్తె. 401లో చాంగాన్ నగరం చేరి, పెద్ద బృందాన్ని వెనకేసుకుని అనువాదాలు చేశాడు. సాధకుడు మెట్టు మెట్టుగా పొందే నాలుగు ఫలాలకు ఆయన పెట్టినది ఈ అక్షరమే. 409లో ఆయన మన ఆచార్య నాగార్జునుడి మూలమధ్యమక కారికలను చైనా భాషలోకి తెచ్చాడు. నాగార్జునుణ్ణి సంప్రదాయం శాతవాహన రాజుతో, శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. నాగార్జునకొండ పేరు అలా వచ్చిందే. ఆ పుస్తకంలో కారణం నుంచి ఫలం ఎలా పుడుతుందని నిలదీసే ప్రకరణం ఒకటి ఉంది. చైనా ప్రతిలో ఆ ప్రకరణం శీర్షికలోనే మన పండు అక్షరం ఉంది. సింగపూరులో ఆ పేజీని మా అమ్మాయి కంప్యూటరులో చూపించింది. ఒక్క ముక్క చదవలేను. కానీ పండు ఎక్కడెక్కడ ఉందో వేలు పెట్టి చూపించగలిగాను. అడ్రసు చదవలేకపోయినా పిన్ కోడ్ పట్టుకున్నట్టు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడ కోసం చెబుతున్నాను, వెనక వరుసలో ఉంది. ఆపిల్ పండును చైనా భాషలో "పింగ్ గ్వో" అంటారు. రెండో ముక్క మనకు తెలిసిందే, పండు. మొదటి ముక్క ఏమిటి? వింటే మీరు నమ్మరు. అది మన దొండపండు.

బింబం అంటే చంద్రబింబం, సూర్యబింబం అని మనకు తెలుసు. బింబ అంటే దొండ కూడా. మన కవులు ఎర్రటి పెదవులను బింబాధరం అన్నారు, ఆ పెదవులున్నావిడను బింబోష్ఠి అన్నారు. పోలిక దొండకాయతో కాదు, పండిన దొండపండుతో. బుద్ధుడికి చెప్పే 80 చిన్న లక్షణాల్లో పెదవులు బింబఫలంలా ఎర్రగా ఉండటం ఒకటి. ఆ గ్రంథాలను అనువదించేటప్పుడు చైనావాళ్ళకు చిక్కు వచ్చింది. ఈ బింబ ఏమిటో వాళ్ళు చూడలేదు. అందుకని అర్థం జోలికి పోకుండా శబ్దాన్నే రెండు అక్షరాల్లో రాసి పెట్టారు. ఇప్పటి ఉచ్చారణలో అది "పిన్ పో", ఆ కాలంలో "బిన్ బా"కు దగ్గరగా ఉండేది. ఎర్రగా, అందంగా ఉండే ఏదో భారతీయ ఫలం, అంతవరకే వాళ్ళకు తెలుసు. పేరుంది, పండు లేదు. ఖాళీ ఇంటికి ఎవరో ఒకరు అద్దెకు దిగుతారు కదా. దక్షిణ చైనాలో ఎర్రటి కాయలు కాసే ఒక అడవి చెట్టు కొంత అద్దెకు తీసుకుంది, ఈ నాటికీ దాన్ని "పింగ్ పో" అనే అంటారు. ఉత్తరాన మంగోలుల పాలనా కాలంలో పడమటి నుంచి మెత్తటి, పెద్ద, ఎర్రటి ఆపిల్ వచ్చింది. చైనాలో అంతకు ముందు ఆపిల్ జాతి చిన్న పండ్లు ఉండేవి, వాటి పేర్లు వేరు. కొత్తగా వచ్చిన దొరగారికి ఈ పుస్తకాల పేరు తగిలించారు. వాడుకలో అది అరిగి, 1621 నాటి వాంగ్ షియాంగ్‌జిన్ మొక్కల గ్రంథం నాటికి "పింగ్ గ్వో" అయి కూర్చుంది. ఈ రోజున ప్రపంచంలో పండే ఆపిల్ పండ్లలో దాదాపు సగం చైనావే. అంటే ప్రపంచంలో సగం ఆపిల్ పండ్లకు వాటి సొంత ఊళ్ళో దొండపండు పేరే.

సింగపూరులో టెక్కా మార్కెట్టుకు వెళ్తే దొండకాయలు దొరుకుతాయి. అక్కడ ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఒక చేత్తో దొండకాయ విరిచి లేతదో కాదో చూసుకుంటూ, "పండితే పారేసేదాన్ని ఆపిల్ చేశారా! వేపుడు రుచి తెలియని వాళ్ళు" అంది. పరిశోధన అంతటితో ముగిసింది.

ఆ "పింగ్" అక్షరానికి ఇంకొక చిన్న కథ ఉంది. మొదట్లో దాన్ని నీటి మీద తేలే నాలుగు రెబ్బల ఆకుమొక్క అక్షరంతో రాసేవారు, శబ్దం దగ్గరగా ఉందని. గీతలు ఎక్కువ. చైనా ప్రభుత్వం 1956లో రాతను సులువు చేసినప్పుడు దాన్ని తగ్గించి, పైన గడ్డి గుర్తు, కింద "సమం" అనే అక్షరం ఉంచింది. సమం అంటే శాంతి, క్షేమం కూడా. దాంతో ఆపిల్ క్షేమాన్నిచ్చే పండు అయింది. క్రిస్మస్ ముందు రాత్రి చైనా కుర్రకారు రంగు కాగితాల్లో చుట్టి ఒకరికొకరు ఆపిల్ ఇచ్చుకోవడం ఈ మధ్య ఆచారమైంది, ఎందుకంటే ఆ రాత్రి పేరులోనూ అదే శబ్దం ఉంది. బేరిపండును మాత్రం ఇద్దరు కోసుకుని తినరు. "బేరిని పంచడం" అన్నా "విడిపోవడం" అన్నా శబ్దం ఒకటే. మన పెద్దవాళ్ళు "వెళ్తాను" అనకుండా "వెళ్ళొస్తాను" అన్నట్టే ఇది.

మామిడి గురించి చెప్పకపోతే ఈ సభలో నన్ను దిగనివ్వరు. దాని పేరు "మాంగ్ గ్వో". వెనక పండు అక్షరం ఉంది, ముందు శబ్దం తమిళుల మాంగాయ్ నుంచి మలయా మీదుగా ప్రపంచమంతా తిరిగినదే. ఉత్తర చైనావాళ్ళు చాలాకాలం మామిడిపండు చూడలేదు. 1968 ఆగస్టులో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి మావోకు ఒక పెట్టె మామిడిపండ్లు ఇచ్చాడు. మావో తాను తినకుండా వాటిని కార్మికులకు పంపాడు. ఫ్యాక్టరీకి ఒక పండు. వందలమందికి ఒక్క పండు ఎలా పంచుతారు? కొన్నిచోట్ల మందులో వేసి సీసాలో భద్రపరిచారు. మైనంతో నమూనాలు చేసి గాజు పెట్టెల్లో పెట్టి అందరికీ ఇచ్చారు. బీజింగ్‌లో ఒక బట్టల మిల్లులో పండు కుళ్ళడం మొదలయ్యేసరికి తొక్క తీసి, గుజ్జును పెద్ద గంగాళం నీళ్ళలో మరిగించి, మనిషికో చెంచా తాగించారు. మన ఇంటెరిమ్ రిలీఫులు గుర్తొచ్చాయి నాకు. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

మళ్ళీ నా చేతి దగ్గరకు వస్తాను. ఫిజియోథెరపీ చేయించుకున్నాను, ఇప్పటికీ బంతి నొక్కుతూనే ఉంటాను. అక్షరం మందు అని నేననను. కానీ ఒక విషయం గమనించాను. మన తెలుగు అక్షరాలు గుండ్రాలు. తలకట్టు దగ్గర మొదలుపెడితే చెయ్యి ఎత్తకుండా వంపు తిరగాలి, మళ్ళీ తిరగాలి. నా వేళ్ళు ఆ మలుపు దగ్గర ఆగిపోయేవి, బండి చక్రం గోతిలో పడ్డట్టు. చైనా అక్షరంలో ఒక గీత గీసి చెయ్యి ఎత్తవచ్చు. ఊపిరి పీల్చుకోవచ్చు. ఎనిమిది గీతలు, ఎనిమిది విడి పనులు. తెలుగు రాయబోతే ముందు నా పాత దస్తూరీ కళ్ళముందుకు వచ్చి వెక్కిరించేది. ఈ అక్షరానికి నాకు పాత దస్తూరీ లేదు. తొమ్మిదేళ్ళ పిల్లా, డెబ్బై దాటిన నేనూ ఒకే పేజీలో ఉన్నాం. నాలుగు నెలల్లో నేను ఎన్ని పండ్లు రాశానో లెక్క లేదు. మొదటి పుస్తకంలో ఉన్నవి గాలివానకు విరిగిన చెట్లు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఆ ఆరో గీత, పైనుంచి కిందిదాకా వణక్కుండా దిగాలి. మూడో నెలలో ఒక సాయంత్రం దిగింది. మనవరాలు పుస్తకం లాక్కుని దాని పక్కన నక్షత్రం వేసింది. ఆ పేజీ నా దగ్గర ఉంది. సర్వీసులో వచ్చిన ప్రశంసాపత్రం ఎక్కడుందో తెలియదు.

దాని తరువాతే తెలుగు మళ్ళీ మొదలుపెట్టాను, అదే గళ్ళ పుస్తకంలో, గడికొక అక్షరం. నా పేరులో ఉన్న మలుపులన్నీ ముక్కలు ముక్కలుగా రాసి, ఆ తరువాత కలిపాను. అప్పుడు మనవరాలు నా పక్కన కూర్చుని నన్ను చూసి తెలుగు రాసింది. దానికి "ప" రాసినప్పుడు తలకట్టు ఎప్పుడూ మరచిపోయేది. నేను ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాను. లెక్క సరిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక బ్యాంకుకు వెళ్ళి కొత్త నమూనా సంతకం ఇచ్చాను. కాస్త పొట్టిగా, ముక్కలు అతికినట్టుగా ఉంటుంది, పాతదానిలా పరుగెత్తదు. ఆ కుర్రవాడు అక్కడే ఉన్నాడు. మూడుసార్లు పెట్టించాడు. మూడూ పక్కపక్కన పెట్టి చూసి, "సరిపోయాయండీ" అన్నాడు. సిరా ప్యాడ్ టేబులు మీదే ఉంది, మూత పెట్టి ఉంది. ఆ రోజు నిజం పెన్నే కారింది, చొక్కా జేబు పాడయింది, మా ఆవిడ మాత్రం నమ్మలేదు.

టైము అయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఈ సంచిలో రెండు పండ్లు తెచ్చాను. ఒకటి ఆపిల్. రెండోది మా పెరటి కంచె మీద పండిన దొండపండు, పొద్దున్న చిలక కొట్టకముందే కోశాను. చూడండి ఎంత ఎర్రగా ఉందో. ముందు వరుస నుంచి చేతులు మార్చుకుంటూ వెనక్కు పంపండి. దొండపండు నాకు తిరిగి రావాలి, గింజలు వేసుకోవాలి. ఆపిల్ రాకపోయినా ఫరవాలేదు.